అమీర్‌పేట వరస

మా పాట ఇరవైమూడు నిమిషాలు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో కాస్త జాలి కనిపిస్తుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మూడు గంటల సినిమాకి వెళ్లొచ్చి, ఇంటర్వెల్‌లో సమోసాలు బాగున్నాయని చెప్పేవాళ్లకి ఇరవైమూడు నిమిషాల పాట ఎక్కువైపోయిందట!

నిజం చెప్పాలంటే పాట మాది కాదు. ఇంగ్లండులో ఎవరో అయిదుగురు మేం వినేనాటికి ముప్ఫై ఏళ్ల ముందే కట్టిన రాక్ పాట. ఒక మనిషి ఓడెక్కి సముద్రం మీదికి పోవడం దాని కథ. మొత్తం ఏడు భాగాలు. ఒకదాంట్లో కిటికీలో దీపం, ఇంకోదాంట్లో రేవులో వీడ్కోలు, మరోదాంట్లో ఓడ మునక. అన్నిటికంటే పెద్దది తుఫాను. ఏ భాగం నడక దానిదే, ఏ భాగం గొంతు దానిదే. పాటకో పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ అమీర్‌పేటలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. “ఇరవైమూడు నిమిషాలది ఉందా?” అనే అడిగేవాళ్లు.

అడిగేది జావేద్ భాయ్‌ని. మైత్రీవనం బిల్డింగు వెనక సందులో ఆయనకి నెట్ కేఫ్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. 2003లో అది చిన్న సంగతి కాదు. ఆ పాటని ఆయన మూడు రోజులు కూర్చుని ఇంటర్నెట్ నుంచి ఏడు ముక్కలుగా దింపాడు. మధ్యలో అత్తగారింటి నుంచి ఫోనొచ్చి రెండుసార్లు లైను తెగిందనీ, అయినా వదల్లేదనీ కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. దింపినదాన్ని సీడీకి ఎక్కించాడు. ఆ సీడీకి కాపీ, కాపీకి మళ్లీ కాపీ. ఆర్నెల్లు తిరిగేసరికి అమీర్‌పేటలో ఆ పాట లేని హాస్టల్ లేదు. కంప్యూటర్ ఉద్యోగాల వేటలో జావా కోసం వచ్చినవాళ్లు, ఒరాకిల్ కోసం వచ్చినవాళ్లు, రాక్ అంటే ఏమిటో అంతకుముందు ఎరగనివాళ్లు, గదికి ఎనిమిదిమంది చొప్పున సర్దుకుని అదే పాట వినేవాళ్లు. ముక్కకీ ముక్కకీ మధ్య సీడీలో రెండు సెకన్ల ఖాళీ వచ్చేది. అన్నం తింటున్నవాళ్లు ఆ ఖాళీలో కంచం మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అన్ని హాస్టళ్లలోనూ అదే అలవాటు.

నా పేరు లోయిస్. అప్పట్లో అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ చెప్పేదాన్ని, పొద్దున ఏడింటి బ్యాచ్. నాన్న క్రీస్తుదాసు ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. మేం ఉండేది అక్కడి క్వార్టర్స్‌లోనే. పన్నెండో ఏటి నుంచి ప్రతి ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. నాకు కోపం ఎక్కువని పేరు. ఆ పేరు నిజమే.

బ్యాండు పెట్టింది మా తమ్ముడు నేతన్. వాడిది గిటారు. డ్రమ్ములు అర్ఫాత్‌వి. బోరబండలో వాళ్ల ఇంటిల్లిపాదీ మర్ఫా వాయిస్తారు. పెళ్లికొడుకు బరాత్‌లో గుర్రం ముందు నడుస్తూ వీధంతా ఊగేలా దరువు వేసేది వాళ్లే. పాడేది వీర్రాజు. అమలాపురం నుంచి జావా నేర్చుకోవడానికొచ్చి, నా దగ్గర సి లాంగ్వేజ్ పరీక్ష రెండుసార్లు తప్పినవాడు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని ఇచ్చాడు. మా సాధన ఆదివారం మధ్యాహ్నాలు, మా ఇన్‌స్టిట్యూట్ ల్యాబులో.

మొదటిసారి ఆ పాటని ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో వాయించాం. పరువు పోయింది. సీడీలో ఎలా ఉందో అలాగే వాయించాలని మా పట్టుదల. ముక్క అయిపోగానే ఠక్కున ఆగాం. పాట అయిపోయిందనుకుని యాంకరమ్మ వచ్చి మైకు అందుకుని థాంక్స్ చెప్పింది. మేం మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఆగాం. ఆవిడ మళ్లీ వచ్చింది. నాలుగోసారి ఆవిడకి విసుగొచ్చి, డైరెక్టర్‌గారికి పూలగుచ్ఛం ఇచ్చేసి జాతీయగీతం పెట్టించేసింది. అందరితో పాటు మేమూ నిటారుగా నిలబడ్డాం. మా పాటలో ఇంకా మూడు ముక్కలు మిగిలే ఉన్నాయి.

ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాటి నుంచి ఆ ఖాళీలు పూడ్చే పని పెట్టుకున్నాను.

పూడ్చడం నాకు చర్చి నేర్పింది. కానుకల సంచి ముందు బెంచీ నుంచి ఆఖరి బెంచీకి చేరేదాకా కీబోర్డు ఆగకూడదు. కీర్తనేమో అయిపోతుంది, సంచి ఇంకా సగం దూరంలోనే ఉంటుంది, పాస్టర్‌గారు కళ్లద్దాలు వెతుక్కుంటూ ఉంటారు. అప్పుడు అయిపోయిన కీర్తన చివరి స్వరం పట్టుకుని, వినేవాళ్లకి తెలియకుండా, రాబోయే కీర్తనలోకి మెల్లగా నడిపించుకుపోవాలి. పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని అదే. దాన్నెవరూ సంగీతం అనరు. మా అమ్మ అమృతమ్మ అయితే, “కీర్తన మంచిగ వాయించినవ్ గానీ, నడుమల గా సాగదీసుడు ఏందే?” అనేది.

ఏడు ముక్కల మధ్య ఆరు అతుకులు. ఒక్కోటి కట్టడానికి నాకు నెల పట్టింది. నాలుగో ముక్కకీ అయిదోదానికీ మధ్యది నా ప్రాణం తీసింది. నాలుగోదాంట్లో సముద్రం నిద్రపోతుంటుంది, అయిదోది ఏకంగా ఓడ మునక. నిద్రలోంచి మునకలోకి ఎలా తీసుకెళ్లాలి? ఎడమచేత్తో ఒకే స్వరాన్ని పట్టుకుని కొడుతూ, దాన్ని ఒక్కో మెట్టే కిందికి దించుతూ పోయాను. కుడిచేత్తో నాలుగో ముక్కలోని జోలలాంటి వరుసనే తీసుకున్నాను, కానీ ప్రతిసారీ అందులో ఒక స్వరం తగ్గించాను. చివరికి ఒక్క స్వరం మిగులుతుంది. అది విని అర్ఫాత్ దాని కింద మర్ఫా దరువు వేశాడు.

“బరాత్ నడుస్తుంటే దరువు మారుస్తం గానీ ఆపం బాజీ,” అన్నాడు. అక్కని వాళ్లు బాజీ అంటారు. “ఆపితే గుర్రం బెదురుతది, దుల్హా ఇంకా ఎక్కువ బెదురుతడు.”

పాట వరస మీద మాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. ఓడ మునిగేది అయిదో ముక్కలో, రేవులో వీడ్కోలు ఆరో ముక్కలో. “మునిగినంక టాటా చెప్పుడేందయ్యా?” అని వీర్రాజుని నిలదీశాను. పాడేవాడు అతనే కదా.

“ఆత్మ చెప్తుంది మేడమ్,” అన్నాడు వీర్రాజు ఎంతో నమ్మకంగా. “ఇంగ్లీషువాళ్లు చాలా లోతుగా రాస్తారండి.”

హాస్టళ్లలో దీని మీద రెండు వర్గాలుండేవి. అది ఆత్మ అనేవాళ్లు, కాదు మొత్తం కల అనేవాళ్లు. రెండు వర్గాలూ ఒక మెస్సులో మాట్లాడుకోవడం మానేశాయని కూడా విన్నాను.

మా అతుకుల గురించి ఎవరడిగినా నేను, “సీడీల ఉన్నదే వాయిస్తున్నం, నడుమ ఖాళీ లేకుంట చేసిన, అంతే,” అనే చెప్పేదాన్ని. అవి నావని ఒక్కనాడూ అనలేదు. అనాలని తోచనూ లేదు.

మరుసటి ఏడాది డిసెంబరులో అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లన్నీ కలిసి బ్యాండ్ల పోటీ పెట్టాయి. పంజాగుట్టలో ఒక కల్యాణమండపం, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. పేరున్న రాక్ పాట ఏదైనా వాయించవచ్చు. వందకి మార్కులు, అందులో ఇరవై మూలానికి ఎంత దగ్గరగా వాయించారన్నదానికి. జడ్జి ఒక్కరే, హనుమత్ప్రసాద్‌గారు. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో ఇంజనీరు, ఇంట్లో రెండు బీరువాల నిండా పాత రికార్డులు ఉన్నాయని చెప్పుకునేవాళ్లు.

ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే నేనూ నేతన్ చర్చి నుంచి నేరుగా మండపానికి వెళ్లాం. మైకులు సరిచూసుకోవడానికి ఒక్కో బ్యాండుకీ పది నిమిషాలు ఇచ్చారు. మేం మొదటి ముక్క, అంటే దీపం, ఆ తర్వాత నా మొదటి అతుకు వాయించి ఆపాం. ముందు వరసలో కూర్చున్న హనుమత్ప్రసాద్‌గారు లేచి వేదిక దగ్గరికి వచ్చారు.

“చిన్న సందేహం అమ్మా. మీరు చివరి భాగంతో ఎందుకు మొదలుపెట్టారు?”

“గిదే మొదటిది సార్,” అన్నాడు నేతన్.

“కాదు బాబూ. వాడు తిరిగి ఇల్లు చేరాక కిటికీలో దీపం కనపడుతుంది. పాట అక్కడితో ఆగిపోతుంది. ఈ రికార్డు నా దగ్గర కాలేజీ రోజుల నుంచి ఉంది.” జేబులోంచి కాగితం తీసి, వెనక వైపు ఏడు భాగాలూ వరసగా రాశారు. ముందు రేవులో వీడ్కోలు. నాలుగోది తుఫాను. ఆ వెంటనే ఓడ మునక. అన్నిటికంటే చివర దీపం. “ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. ఇప్పుడు దీపం తర్వాత మీరు వాయించారే, అది రికార్డులో లేదు.”

ఆయన వెక్కిరించలేదు. మర్యాదగా చెప్పి, కాగితం నేతన్ చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయారు. వెక్కిరించినా బాగుండేది, నేను ఎదురు తిరిగేదాన్ని.

అర్ఫాత్ తన సెల్‌ఫోన్ తీసి జావేద్ భాయ్‌కి చేశాడు. భాయ్ గొంతు పెద్దది, ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా అందరికీ వినిపించింది.

“వరసనా? ఏ ముక్క ముందు దిగితే దానికి ఒకటో నంబర్ ఇచ్చిన మియా. చిన్న ఫైల్ జల్దీ దిగుతది కదా, దీపం ముందు దిగింది. తుఫాన్ మస్తు పెద్దది, మూడో రోజు దిగింది, ఏడో నంబర్ ఇచ్చిన. ఎందుకు, సీడీ నడుస్తలేదా?”

అర్ఫాత్ ఫోను పెట్టేశాడు.

“అయితే ఆత్మ లేదాండి?” అన్నాడు వీర్రాజు.

నేతన్ ఆ కాగితం పైకెత్తి చూపించాడు. “నాలుగు గంటల టైముంది. గీ వరసల వాయిద్దాం. ముక్కలన్నీ మనకు వచ్చినవే. వాటికవే అతుక్కుంటయట. గా ఇరవై మార్కులు సుత వస్తయ్.”

“మరి నేను కట్టినవి?”

“గవి ఇంక అవసరం లేదక్కా. ఫిల్లర్లే కదా.”

నేను కీబోర్డు ప్లగ్గు పీకేశాను. “ఫిల్లర్లా? ఒక్కోదానికి నెల కూసున్న. ఎండకాలం కరెంటు లేకుంటే టేబుల్ మీద వేళ్లు కొట్టుకుంట కట్టిన. ఫిల్లర్లా?”

“సీడీల ఉన్నదే వాయిస్తున్నమని అందరికి చెప్పేది నువ్వే కదనే!” అని వాడూ అరిచాడు.

బయటికి వచ్చి మండపం మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఎండ తగ్గలేదు. ఆకలిగా కూడా ఉంది. కోపంలో ఆకలి ఎక్కువవుతుంది నాకు.

అక్కడ కూర్చుంటే ఒక విషయం తెలిసొచ్చింది. నా జీవితంలో సొంతంగా నేను కట్టినవి ఆ ఆరే. చర్చిలో కీర్తనలు ఎవరివో, క్లాసులో చెప్పే సి లాంగ్వేజ్ ఎవరిదో, ఈ పాటా ఎవరిదో. ఈ ఆరు మాత్రం నావి. వరస తప్పింది కాబట్టే అవి పుట్టాయి. సరైన వరసలో వాటికి చోటు లేదు. ఈ రోజు వాటిని పక్కన పెడితే ఇక వాటికి ఈ భూమ్మీద వినిపించే చోటంటూ ఉండదు. జావేద్ భాయ్ పెట్టిన తప్పు వరస తప్ప వాటికి ఇల్లు లేదు. అది అర్థమయ్యాక నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది, ఆ వెంటనే గొప్ప మొండితనం వచ్చింది.

లోపలికి వెళ్లాను. “నేతన్, అవి నావి. తీసేస్తే నేను వాయించ. బెదిరిస్తున్న అనుకో, ఏమన్న అనుకో.”

“నేను బాజీ తోటి,” అన్నాడు అర్ఫాత్, అడగకముందే.

నేతన్ వీర్రాజు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. రికార్డుల ఉన్నట్టు పాడుతవా, తప్పు వరసల పాడుతవా?”

వీర్రాజు తల గోక్కున్నాడు. మార్కుల విషయంలో అతనికి నా ముందు మాట్లాడ్డం ఎప్పుడూ ఇబ్బందే. “ఒక మాట చెప్తానండి. మా రూములో ఎనిమిదిమందిమి. ఎవడికి ఇంటర్వ్యూ ఉన్నా పొద్దున్నే ఏడో ముక్క పెట్టుకుని, తుఫాను వింటూ బూట్లు తుడుచుకుని వెళ్తాడు. అది వినకుండా గడప దాటినవాడు లేడండి. చివర్లో దీపం పెడితే బానే ఉంటుంది గానీ, ఇంటికెళ్లి పడుకోవాలనిపిస్తుందండి. మనం ఇంకా ఎక్కడికీ చేరలేదు కదండీ.”

నేతన్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. వాడూ అంతకుముందు వారమే ఉద్యోగానికి మూడో ఇంటర్వ్యూ కూడా తప్పి వచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వంగి, నా కీబోర్డు ప్లగ్గు వాడే పెట్టాడు.

“ఇరవైకి సున్నా వస్తది, చూస్కో.”

“రానియ్,” అన్నాను.

నాలుగింటికి మండపం నిండిపోయింది. ఏడెనిమిది వందలమంది ఉంటారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మాకు ముందు వాయించిన బ్యాండు వాళ్లు తెల్లచొక్కాలు వేసుకుని, నాలుగు నిమిషాల పాటని గీత గీసినట్టు వాయించి, వంగి దండం పెట్టి వెళ్లారు.

మేం ఎక్కాం. నేతన్ గిటారు మీద దీపం మొదలుపెట్టాడు, వీర్రాజు మెల్లగా అందుకున్నాడు. ఒకటిన్నర నిమిషం. ముక్క చివరికి వచ్చింది. నేను నా మొదటి అతుకులోకి వెళ్లాను.

తప్ తప్.

హాలంతా రెండు చప్పట్లు కొట్టింది, ఏడెనిమిది వందలమంది ఒక్కసారిగా. నా వేళ్లు ఉలిక్కిపడ్డాయి. నేను అక్కడ ఖాళీ వదల్లేదు కదా! అప్పుడు అర్థమైంది. వీళ్లంతా హాస్టళ్లవాళ్లే. కంచాల మీద టక్ టక్‌మని కొట్టే చేతులే ఇవి. వీళ్లందరికీ ఈ పాట ఈ వరసలోనే తెలుసు. రెండు సెకన్ల ఖాళీ కోసం చేతులెత్తినవాళ్లకి అక్కడ ఖాళీ దొరకలేదు, నేను దొరికాను. ముందు వరసల్లో తలలు పైకి లేచాయి. నెలల తరబడి బట్టీపట్టిన పాటలో ఎన్నడూ వినని చోటు ఒకటి తగిలితే మనిషి ముఖం ఎలా మారుతుందో ఆ రోజే చూశాను.

రెండో అతుకు దగ్గర చప్పట్లు మళ్లీ వచ్చాయి గానీ ఈసారి మెల్లగా కొట్టి, వినడానికి ఆగారు. మూడో అతుకు చివర అర్ఫాత్ తనంతట తానే రెండు దెబ్బలు కలిపాడు. సరిగ్గా అక్కడే హాలు చప్పట్లు పడ్డాయి. అర్ఫాత్ నా వైపు చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఇక అక్కడి నుంచి డ్రమ్ములు వాడొక్కడివి కావు.

నాలుగో ముక్క. సముద్రం నిద్రపోయింది. ఎడమచేత్తో ఒక స్వరం పట్టుకుని నా అతుకులోకి దిగాను. ఒక మెట్టు. ఇంకో మెట్టు. జోలలో ఒక స్వరం పోయింది, రెండు పోయాయి. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు. ఫ్యాన్ల చప్పుడు వినపడుతోంది. చర్చిలో ఈ పని చేసేటప్పుడు నేను వాయిస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఇక్కడ అందరికీ తెలుస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు, నేను కట్టినదాన్నే వింటున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మెట్లు కనపడలేదు, వేళ్లు మాత్రం తప్పలేదు. ఒక్క స్వరం మిగిలింది. దాని కిందికి అర్ఫాత్ మర్ఫా దరువు తోశాడు. అంతే, వెనక గోడ దగ్గర నిలబడ్డ బోరబండవాళ్లు ఈల వేసి ముందుకొచ్చేశారు. ఓడ మునక మొదలయ్యేసరికి సగం హాలు నిలబడి ఉంది.

ఆ తర్వాత వీడ్కోలు ముక్క. మునిగాక వీడ్కోలు చెప్పడం తప్పని తెలిసి కూడా వీర్రాజు దాన్ని ప్రాణం పెట్టి పాడాడు. అమలాపురం బస్టాండులో అతను ఎవరికి చెప్పాడో, ఎలా చెప్పాడో నాకు తెలియదు గానీ, ఆ పూట హాల్లో ప్రతివాళ్లూ తాము చెప్పొచ్చిన వీడ్కోలే విన్నారని ప్రమాణం చేసి చెప్పగలను. గొంతు కలపనివాళ్లు లేరు. ఇంగ్లీషు సగం తప్పులే. ఎవరిక్కావాలి?

తుఫాను ఏడు నిమిషాల పైనే ఉంటుంది. నేతన్ అంత బాగా వాయించడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఇరవై మార్కుల కసీ మూడు ఇంటర్వ్యూల కసీ తీగల మీద తీర్చుకున్నాడు. పైస్థాయిలో వీర్రాజు గొంతు ఒక్కసారి జీరబోయింది. ఆ లోపం బయటపడకముందే హాలంతా ఆ చరణం అందుకుని పైకెత్తింది.

రికార్డులో తుఫాను ఓడ మునకలోకి జారిపోతుందట. జావేద్ భాయ్ దింపిన ముక్కలో మాత్రం పాడుతున్న మాట సగంలో తెగిపోతుంది. మేం అక్కడే ఆగాం. నలుగురం ఆగాం అనుకున్నాను. అంత హాలూ, అన్ని గొంతులూ, అన్ని చేతులూ అదే సగం మాట దగ్గర ఆగిపోయాయి. ఒక్కరూ ఒక్క అక్షరం ముందుకి పోలేదు. రెండు సెకన్లు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ తర్వాత లేచిన కేకకి మండపం పైకప్పు ఉంటుందా ఊడుతుందా అనిపించింది. అర్ఫాత్ పుల్లలు గాల్లోకి విసిరేశాడు. నేతన్ వచ్చి నన్ను ఎత్తి తిప్పాడు, పదేళ్లలో మొదటిసారి.

ఫలితాలు చెప్పడానికి హనుమత్ప్రసాద్‌గారు మైకు దగ్గరికి వచ్చారు. తెల్లచొక్కాలవాళ్లకి ఎనభైరెండు, మొదటి బహుమతి. మాకు డెబ్బైఏడు, రెండోది. హాలు ఒప్పుకోలేదు. కుర్చీలు చరిచారు, “అన్యాయం” అని అరిచారు. ఆయన చెయ్యెత్తి ఆగారు. అరుపులు సద్దుమణిగేదాకా ఓపిగ్గా నిలబడ్డారు.

“వీళ్లకి ఎనభైకి డెబ్బైఏడు వేశాను. ఇంతవరకూ ఎవరికీ అంత వెయ్యలేదు. మూలానికి దగ్గరగా ఉందా అన్న చోట మాత్రం ఇరవైకి సున్నా. అది తప్పదు. వరస మారింది. అంతకంటే ముఖ్యం, ఆరు చోట్ల మూలంలో లేని సంగీతం ఉంది. నాలుగోది విన్నాక నేను మార్కులు వెయ్యడం మర్చిపోయి కూర్చున్నాను.” జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. “ఈ కాగితంలో సంగీతం ఎవరిదో రాయాలి. పాటకి ఆ ఇంగ్లండువాళ్ల పేరు రాశాను. మరి ఆ ఆరూ ఎవరివి?”

నేతన్ మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడు చెప్పేయొచ్చు, చెప్పలేదు. నన్నే చెప్పనిచ్చాడు.

సీడీల ఉన్నదే వాయిస్తున్నం అన్న మాట అలవాటు కొద్దీ నా నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

“నావి,” అన్నాను.

“పేరు?”

ఇంటిపేరుతో సహా చెప్పాను. హాలంతా గోల గోలగా ఉంది, ఆయనకి సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా. ఆయన రాసుకున్నారు.